అక్క చూడని ఏర్కాడ్

మొన్న ఆదివారం సాయంత్రం మా మనవరాలు సోఫాలో నా పక్కన చేరి, ఈ వేసవికి ఏదైనా చిన్న కొండ ఊరికి పోదామంటూ ఫోనులో బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. తాడుకు వేలాడుతూ లోయ మీదుగా జారిపోవడమట, గుడారాల్లో పడుకోవడమట, కాఫీ తోటల మధ్య సైకిలు తొక్కడమట, చెట్ల మీద కట్టిన గదుల్లో పొద్దున్నే టీ తాగడమట. మా అశోక్‌నగర్ ఇంట్లో ఫ్యాను వేడిగాలి విసురుతుంటే ఆ పిల్ల చెప్పేవన్నీ వినడానికే చల్లగా ఉన్నాయి. చివరన ఒక చెరువు బొమ్మ వచ్చింది. చుట్టూ చెట్లు, మధ్యలో రంగురంగుల పడవలు. ఊరి పేరు చదవకముందే నాకు తెలిసిపోయింది. పొయ్యి మీద పాలు పెట్టానని వంక చెప్పి లేచి వంటింట్లోకి పోయాను. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

మన తరం వాళ్లకు వేసవి అంటే ఏముండేది? డాబా మీద నీళ్లు చల్లి పక్కలు వేసుకోవడం, చిక్కడపల్లి సందులో ఐస్ బండి గంట వినపడగానే పరుగెత్తడం, నారాయణగూడ చౌరస్తాలో చెరుకు రసం. కొండల మీదికి పోయి చల్లగా గడపడమన్నది గొప్పింటి వాళ్ల ముచ్చటగానే ఉండేది. సర్కారు ఆఫీసులో గుమస్తాగా ఉన్న మా నాన్న అటువంటి ప్రయాణానికి సిద్ధపడ్డాడంటే దానికి వేరే కారణం ఉంది. అది మా అక్క పెళ్లి.

అంతకు ముందు ఏడు అక్కను చూడటానికి ఒక సంబంధం వారు వచ్చారు. మా ముందు గదిలో కూర్చుని ఫలహారాలు తిని, పాట పాడించుకుని, నడిపించి చూసి, వారం తర్వాత వద్దని కబురు పెట్టారు. సందంతా తెలిసిపోయింది. అక్క చాలా రోజులు వాకిట్లోకి రాలేదు. అందుకని బాగ్‌లింగంపల్లి వాళ్ల సంబంధం వచ్చినప్పుడు, మధ్యన ఉన్న పెద్దమనిషి ఒక ఉపాయం చెప్పాడు. ఆ కుటుంబం ప్రతి వేసవికీ తమిళనాడులోని ఏర్కాడ్ కొండకు పోయి కొన్నాళ్లు ఉంటుందట. మేమూ ఊరు చూడటానికి వచ్చినట్టే అక్కడికి పోతే, చెరువు ఒడ్డునో తోటలోనో కలిసినట్టు ఉంటుంది, పిల్లా పిల్లాడూ నాలుగు మాటలు మాట్లాడుకున్నట్టూ ఉంటుంది, కుదరకపోతే ఎవరికీ తెలియదు.

పోవలసింది అమ్మ, నాన్న, అక్క మాత్రమే. కాలేజీలో చేరి ఏడాది అయిన నేను నానమ్మకు తోడుగా ఇంట్లో ఉండాలి. అక్క ఆ ప్రయాణం కోసం నీలం రంగు ఉన్నితో స్వెట్టర్ అల్లుకుంది. ఎండ మండిపోతుంటే ఒళ్లో ఉన్ని పెట్టుకుని, చెమట తుడుచుకుంటూ అల్లుతున్న మనిషిని చూసి మేమందరం నవ్వేవాళ్లం. పెళ్లికొడుకు గురించి అక్క ఎప్పుడూ అడగలేదు గానీ, మబ్బులు కిటికీలోంచి ఇంట్లోకి వస్తాయట నిజమేనా అని మాత్రం నాన్నను అడిగింది.

బయలుదేరవలసిన రోజు దగ్గర పడుతుండగా అక్కకు జ్వరం తగిలింది, మర్నాటికి ఒంటినిండా అమ్మవారు పోసింది. వేపాకు మండలు పరిచిన వెనక గదిలో ఆమెను పడుకోబెట్టారు. పోకపోతే వాళ్లు ఏమనుకుంటారో అని నాన్న, ఇట్లాంటప్పుడు పిల్లను వదిలి ఎట్లా అని అమ్మ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి నానమ్మ తేల్చింది. తనకు చిన్నప్పుడే పోసింది గనుక తాను చూసుకుంటుంది, ఇంకా పోయని నన్ను మాత్రం ఇంట్లో ఉంచొద్దు, వెంట తీసుకుపోండి, ఫోటో చూపించి మాట ఖాయం చేసుకుని రండి అంది. ఆ విధంగా అక్క టికెట్టు మీద నేను రైలెక్కాను. బయలుదేరేటప్పుడు వెనక గది కిటికీ దగ్గరికి పోతే, లోపలి నుంచి గొంతు మాత్రం వచ్చింది.

“స్వెట్టర్ పెట్టుకున్నవా? నువ్వే ఏస్కో. ఆడ చలి ఉంటదట.”

సేలంలో దిగి బస్సెక్కాక, కొండ మీద ఒక్కొక్క మలుపు తిరుగుతుంటే ఎండ వెనక్కి పోతూ వచ్చింది. ఆ ఊరు ఊటీలాగా పెద్దది కాదు. నాలుగు వీధులు, ఒక బజారు, కాఫీ తోటలు, మధ్యన చెరువు. పొద్దున లేచి తలుపు తీస్తే పొగమంచు. వేసవిలో వచ్చే వాళ్ల కోసం పూల ప్రదర్శన పెట్టారు, పూలతో ఏనుగును నిలబెట్టారు. గుర్రాల వాళ్లు పిల్లలను ఎక్కించుకుని చెరువు చుట్టూ తిప్పేవాళ్లు. కొండ అంచున కూర్చుంటే పొద్దుగూకే వేళకు కింద సేలం ఊరి దీపాలు ఒకటొకటే వెలిగేవి. చిక్కడపల్లి దాటని నేను అక్క స్వెట్టర్ వేసుకుని అవన్నీ నావే అన్నట్టు తిరిగాను.

అబ్బాయి వాళ్లు మంచివాళ్లు. అక్క ఫోటో చూసి వాళ్ల అమ్మ బాగుందని కూడా అంది. అంతా అనుకున్నట్టే జరుగుతుండగా పడవ పందెం వచ్చింది. వచ్చిన వాళ్ల సరదా కోసం ఆడపిల్లలకు ఒక పందెం పెట్టారు, పడవకు ఇద్దరు. అబ్బాయి చెల్లెలికి జత ఎవరూ లేకపోతే నన్ను లాక్కుపోయింది. మా ఇద్దరికీ తెడ్డు పట్టుకోవడమే రాదు. మిగతా పడవలన్నీ పోయాయి, మాది మాత్రం నీళ్ల మధ్యన గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయింది. ఒడ్డు మీద నిలబడి అబ్బాయి అరుస్తున్నాడు, “ఎడమ తెడ్డు! ఎడమ తెడ్డు వెయ్యండి!” నాకు రోషం వచ్చి, “ఎడమేదో మీరే వచ్చి చూపించండి” అని గట్టిగా అరిచాను. ఒడ్డంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది వాళ్ల అమ్మ. బసకు తిరిగి వస్తుంటే మా అమ్మ నా మోచేయి గిల్లింది.

“జర తగ్గి ఉండు. మనం ఎవరి కోసం వచ్చినమో మర్చిపోయినవా?”

తగ్గి ఉన్నాననే అనుకున్నాను. కానీ ఆ తర్వాత పూల ప్రదర్శనలోనూ, తోటల్లో నడిచినప్పుడూ అతను ఏదో ఒక వంకతో నా పక్కకు వచ్చి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను జవాబు చెబుతూనే ఉన్నాను. బయలుదేరే రోజు పొద్దున, నేను తలుపు వెనక నిలబడి వింటుండగా, వాళ్ల అమ్మ మా గదికి వచ్చి, మా పిల్లవాడు చిన్నమ్మాయిని ఇష్టపడుతున్నాడు, ఆమె చదువు అయ్యేదాకా ఆగుతాం అంది. నాన్న ముఖం పాలిపోయింది. ఇంటికి పోయి కబురు చేస్తామని మాత్రం అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అక్క తలంటు పోసుకుని ముందు గదిలో కూర్చుంది. బుగ్గల మీద మచ్చలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. నాన్న నీళ్లు నమిలి, ఎటో చూస్తూ విషయం చెప్పాడు. అక్క వింది. కాసేపు తన చేతులు చూసుకుంది. “మంచోళ్లే కదా నాన్న, చేసెయ్యండి” అంది. లేచి నా సంచిలోంచి స్వెట్టర్ తీసి, ఉతకడానికి పెరట్లోకి తీసుకుపోయింది.

నా చదువు అయ్యేదాకా మేమిద్దరం ఒకే గదిలో పడుకున్నాం. ఆ కాలంలో అక్కకు ఇంకో రెండు సంబంధాలు వచ్చి మచ్చలు చూసి పోయాయి. ఇక ఎవరి ముందూ కూర్చోనని చెప్పి, పొద్దున్నే చిక్కడపల్లి లైబ్రరీకి పోయి సాయంత్రం దాకా చదువుకుంటూ బ్యాంకు పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకుంది. నా పెళ్లిలో పందిరి పని నుంచి అప్పగింతల దాకా అన్నీ తనే చూసింది. తాను మాత్రం పెళ్లి చేసుకోలేదు. రాంనగర్‌లో సొంత ఫ్లాటు, స్నేహితురాళ్లు, యాత్రలు, ఆమెకు లోటేమీ లేదని అందరూ అంటారు. నేనూ అంటాను. అయినా మా ఆయన ఎప్పుడైనా పడవ ముచ్చట ఎత్తితే, అక్క గదిలో ఉంటే, నేను మాట మార్చేస్తాను. ఏర్కాడ్ అన్న పేరు మా ఇద్దరి మధ్యా ఇన్నేళ్లూ రానివ్వలేదు. అది ఆమె మీద దయ అనుకున్నాను.

నిన్న అక్క వచ్చింది. మనవరాలు ఊరుకుంటుందా, ఆమెకూ ఫోను చూపించింది. అక్క కళ్లద్దాలు సర్దుకుని ఆ చెరువు బొమ్మను చాలాసేపు చూసింది.

“మీ అమ్మమ్మను అడుగు, పోయొచ్చిన మనిషి. నాకైతే ఇయ్యాల్టిదాక ఒక్క ముక్క చెప్పలే.”

మనవరాలు లోపలికి పోయాక, ఏం చెప్పమంటావు అక్కా అన్నాను.

“ఏదన్న చెప్పరాదూ. అంత ఆశపడి కూసున్న ఊరు, ఎట్లుంటదో కూడ తెల్వకపాయె. నాకు కోపమనుకున్నవా? ఉండె, అబద్ధమెందుకు. కొన్నేండ్లు బాగనే ఉండె. తర్వాత పోయింది. నువ్వే నీ మనసుల నుంచి దాన్ని పోనియ్యలే.”

ఆమెకు ఊరు దక్కకుండా చేసింది అమ్మవారైతే, ఊరి ముచ్చట కూడా దక్కకుండా చేసింది నేను. అప్పుడు మొదలుపెట్టాను. మలుపులు చెప్పాను, పొగమంచు చెప్పాను, పూల ఏనుగు చెప్పాను. మబ్బులు నిజంగానే కిటికీలోంచి వచ్చాయని చెప్పాను. పడవ గుండ్రంగా తిరగడం చెబుతుంటే అక్క పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక మెల్లగా అడిగింది.

“వాళ్ల అమ్మ వచ్చి నిన్ను అడిగినప్పుడు, నీకు ఏమనిపిచ్చింది?”

“భయమేసింది అక్కా” అన్నాను.

ఆమె తల ఊపింది. నమ్మిందో, నమ్మినట్టు నటించిందో నాకు తెలియదు.

ఇప్పటి పిల్లలు కొండల మీదికి కొండల కోసమే పోతున్నారు. ఒకరిని చూపించడానికి పోయి ఇంకొకరిని ఇచ్చి రావడం వాళ్లకు కథలా వినిపిస్తుంది. వద్దంటే వద్దని, కావాలంటే కావాలని ముఖం మీద చెప్పుకుంటారు, గంటలో మరిచిపోతారు. మేము మాత్రం నోరు మూసుకుంటే ప్రేమ అనుకున్నాం, అట్లాగే ముసలివాళ్లమయ్యాం. అక్కను ఆటో ఎక్కించి వచ్చి వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. ఏర్కాడ్‌లో ఆ పొద్దున ఆ తలుపు వెనక నిలబడి విన్నప్పుడు నాకు భయం వేయలేదు. అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.