ఉతికిన కుర్తా

అలివేలుమంగ ఏం ఉద్యోగం చేస్తుందో హైడెల్‌బర్గ్‌లోని తెలుగువాళ్లకు సరిగ్గా తెలియదు. ఎవరైనా అడిగితే "ఆసుపత్రి ల్యాబ్‌ల పని" అని ఊరుకునేది. నిజానికి ఆమె పొద్దస్తమానం బట్టలు ఉతికేది.

హనుమకొండలో బయోకెమిస్ట్రీ చదివి, భర్త గంగాధరరావు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వెంట జర్మనీ వచ్చింది. నాలుగేళ్లు భాష నేర్చుకుని, ముప్పై ఎనిమిదో ఏట ఒక ఆసుపత్రి ఫోరెన్సిక్ విభాగంలో టెక్నీషియన్‌గా చేరింది. అక్కడ ఆమెకు అప్పగించిన పరిశోధన ఒకే ఒక్క ప్రశ్న మీద నడిచేది. అత్యాచారం జరిగాక చాలామంది ఆడవాళ్లు మొదట చేసే పని స్నానం. ఆ తర్వాత ఒంటి మీది బట్టలు ఉతికేస్తారు. అలా ఉతికేశాక కూడా ఆ బట్టల్లో మగవాడి ఆనవాలు మిగులుతుందా?

దాతలిచ్చిన వీర్యం నమూనాను గుడ్డముక్కల మీద వేసి, ఆరనిచ్చి, ముప్పై డిగ్రీల నీళ్లలో, అరవై డిగ్రీల నీళ్లలో, ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు ఉతికి, ఒక్కో ముక్కనూ మంగ పరీక్ష చేసేది. నూలు బట్టలో చాలాసార్లు ఏదో ఒకటి మిగిలేది. కుట్టు మడతల్లో అయితే మరీను. ఈ పనిలో రెండేళ్లు గడిచాయి. అన్నీ ప్రయోగాలే. అసలైన కేసు ఒక్కటీ ఆమె బల్ల మీదికి రాలేదు.

ఒక సోమవారం ఉదయం కింది అంతస్తు నుంచి డాక్టర్ రెనాటె ఫోన్ చేసింది. ఒక భారతీయ విద్యార్థిని వచ్చిందట. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కోసం వచ్చిన అమ్మాయి మాటల్లో మాటగా శుక్రవారం సాయంత్రం జరిగింది చెప్పిందట. కాసేపు ఇంగ్లీషులో మాట్లాడి ఆగిపోయింది. ఫోన్‌లో దుభాషిని పిలిస్తే మగగొంతు వినబడింది. అంతే, ఆ పిల్ల చెవులు మూసుకుంది.

"ఆమెది తెలుగు అట. మీరు రాగలరా, మంగ గారూ? బట్టలు కూడా ఉతికేశానంటోంది."

పక్క బల్ల దగ్గరున్న టోబియాస్ తల ఎత్తాడు. మంగతో కలిసి ఆ పరిశోధన చేసేది అతనే. "ఆ గదిలోకి వెళ్లావంటే ఆ అమ్మాయి నమూనా నువ్వు ముట్టుకోకూడదు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ. మన పద్ధతికి వచ్చిన మొదటి కేసు ఇదే కావచ్చు," అన్నాడు.

ఆ నియమం మంగకూ తెలుసు. ఆ అమ్మాయితో ఒక గదిలో కూర్చున్న మనిషే ఆ అమ్మాయి బట్టలు పరీక్షిస్తే రేపు కోర్టులో ఆ ఫలితం నిలబడదు. రెండేళ్ల కష్టం ఒక్క క్షణం కళ్లముందు మెదిలింది. మంగ తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించింది. "నువ్వు చేస్తావు కదా," అని కిందికి దిగింది.

ఆ అమ్మాయి పేరు నవ్యశ్రీ. ఇరవై నాలుగేళ్లు, కాకినాడ పిల్ల, మాస్టర్స్ రెండో సెమిస్టర్. చలికోటు విప్పకుండా, కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది.

"నా పేరు మంగ. మాది హనుమకొండ," అంటూ పక్కన కాకుండా కొంచెం దూరంగా కూర్చుంది మంగ. "నీకు చెప్పబుద్ధి అయితేనే చెప్పు బిడ్డా. ఇక్కడ విన్నది నేను బయట ఎవ్వరికీ చెప్పను. మా ఇంట్ల గూడ చెప్పను. అది నా నౌకరీ రూలు."

తెలుగు చెవిన పడగానే నవ్యశ్రీ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. డాక్టర్ రెనాటె తొందరపెట్టలేదు.

తర్వాత డాక్టర్ మెల్లగా చెప్పింది, మంగ తెలుగు చేసింది. ఇప్పుడు పోలీసులకు చెప్పనక్కరలేదు. ఆనవాళ్లు తీసి, పేరు బదులు ఒక అంకె వేసి, ఏడాదిపాటు భద్రం చేస్తారు. చెప్పాలో వద్దో ఈలోగా ఆమె ఆలోచించుకోవచ్చు. పరీక్షలో ఏది వద్దంటే అది చేయరు.

"'చాలు' అంటే చాలు. మధ్యల ఎప్పుడన్నా సరే, ఆగిపోతది," అంది మంగ.

అసలు కష్టం డాక్టర్ ప్రశ్నలు మొదలయ్యాక తెలిసింది. జర్మన్‌లో ఆ ప్రశ్నలు మామూలు మాటల్లో ఉన్నాయి. వాటికి తెలుగు వెతికితే మంగ నోటికి వచ్చినవి కొన్ని బూతులు, కొన్ని పుస్తకాల్లో తప్ప ఎక్కడా వినబడని మాటలు. పేపర్లలో రాసేది 'మానభంగం'. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. భంగపడింది ఈ పిల్ల మానం ఎట్లా అవుతుంది? చేసినవాడు వేరే ఉన్నాడు కదా. చివరికి పసిపిల్లను డాక్టరుకు చూపించే తల్లిలా "ఇక్కడ ముట్టుకున్నడా? ఇక్కడ నొప్పుందా?" అని చేత్తో తన ఒంటి మీదే చూపిస్తూ అడిగింది. నవ్యశ్రీ తల ఊపింది, కొన్నిటికి జవాబు చెప్పింది. రెండుసార్లు "చాలు" అంది. రెండుసార్లూ డాక్టర్ చేతులు వెనక్కి తీసుకుంది. రెండోసారి తర్వాత నవ్యశ్రీ తనంతట తానే "ఇప్పుడు చెయ్యమనండక్కా" అంది.

బట్టల సంగతి వచ్చేసరికి తల దించుకుంది. "అరవైలో రెండుసార్లు ఉతికేశానక్కా. నాకప్పుడు ఏం తోచలేదు. ఉన్నదంతా నేనే చెరిపేసుకున్నాను. ఇంకెవరు నమ్ముతారు?"

దుభాషి సొంతంగా ఏమీ చెప్పకూడదు. మంగ డాక్టర్ వైపు తిరిగి, "ఇది నేను చెప్పొచ్చా?" అని అడిగింది. డాక్టర్ తల ఊపింది.

"చూడు బిడ్డా, రెండేళ్ల సంది నేను చేసే పని అదే. బట్టలు ఉతుకుడు, ఉతికినంక ఏం మిగిలిందో చూసుడు. నీ కుర్తాల ఉంటదని మాట ఇయ్యలేను. కానీ పోయిందని ఎవ్వరు చెప్పిన్రు? ఉతికినవని నిన్నెవ్వరు తప్పుబట్టరు. అందరు చేసేది అదే. అందుకే గదా మేము ఆ పని పెట్టుకున్నం."

నవ్యశ్రీ అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూసింది. మధ్యాహ్నం ఇంటికెళ్లి, స్టాండు మీద ఆరేసిన నీలిరంగు నూలు కుర్తాను కాగితం సంచిలో పెట్టి తెచ్చి డాక్టర్ చేతికిచ్చింది. మంగ ఆ సంచిని తాకలేదు. ఆ కేసుకు తాను దూరమని పై అధికారికి రాసిచ్చింది.

ఆ సాయంత్రం వంటింట్లో మంగ ఉల్లిపాయ, కత్తి చేతుల్లో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది మంగా?" అన్నాడు గంగాధరరావు.

"ఆఫీసు సంగతి. చెప్పరాదు."

"అయితే చెప్పకు." ఆమె చేతిలోంచి కత్తి తీసుకుని తానే తరిగాడు. కూతురు సహస్ర జర్మన్‌లో ఏదో అడగబోతే కళ్లతోనే వారించాడు.

నెలలు గడిచాయి. నవ్యశ్రీ వారం వారం ఒక సలహా కేంద్రానికి వెళ్లేది. ఎప్పుడైనా ఆదివారం మంగకు మెసేజ్ పెట్టేది. ఇద్దరూ నెకార్ నది ఒడ్డున నడిచేవాళ్లు. దోసెపిండి ఈ చలికి పులవదనో, ప్రొఫెసర్‌తో అపాయింట్‌మెంట్ దొరకలేదనో మాట్లాడుకునేవాళ్లు. ఆ విషయం మంగ ఎత్తేది కాదు, నవ్యశ్రీ ఎత్తేది కాదు. తొమ్మిదో నెలలో ఒక రోజు నడుస్తూ నడుస్తూ నవ్యశ్రీ ఆగింది.

"నిన్న వాడు లైబ్రరీలో ఎదురుపడ్డాడక్కా. హాయ్ అన్నాడు. ఏం జరగనట్టే. నేను కంప్లైంట్ ఇస్తాను."

"భయమైతలేదా?"

"అవుతోంది. అయినా ఇస్తాను."

సలహా కేంద్రం ఆవిడ తోడు వెళ్లింది. భద్రపరిచిన పెట్టె పోలీసుల ద్వారా ల్యాబ్‌కి వచ్చింది. టోబియాస్ పది రోజులు ఆ కుర్తా మీద పనిచేశాడు. ఆ పది రోజులూ ఎదురుబల్ల దగ్గర మంగ తల వంచుకుని తన గుడ్డముక్కలు చూసుకుంది. అతను చెప్పలేదు, ఆమె అడగలేదు. ఫలితం ఆమెకు నవ్యశ్రీ నోటి నుంచే తెలిసింది.

"పక్క కుట్టులో దొరికిందటక్కా! ఆ రోజు నన్ను అస్సలు కలుసుకోనే లేదని పోలీసులకు చెప్పాడు కదా వాడు. వాడి లాయరు ఆ రిపోర్ట్ చదివి వినిపించాక వాడు మాట మార్చాడట."

కుట్టులో దొరికిన ఆనవాలు ఒక్కటే అంతా చెప్పదని మంగకు తెలుసు. ఒంటి మీది కమిలిన మచ్చలను డాక్టర్ ఆ రోజు రాసిపెట్టిన నివేదిక, కోర్టులో మూడు గంటలపాటు నవ్యశ్రీ చెప్పిన సాక్ష్యం, అన్నీ కలిసి నిలబడ్డాయి. అతనికి జైలుశిక్ష పడింది. ఆ రోజు నవ్యశ్రీ పండగ చేసుకోలేదు. మంగ ఇంటికొచ్చి, పప్పుచారు అన్నం తిని, సోఫాలో నాలుగు గంటలు ఒళ్లెరగకుండా నిద్రపోయింది.

తర్వాతి వసంతంలో డాక్టర్ రెనాటె తన ప్రశ్నలన్నిటినీ తెలుగులో రాసిమ్మని మంగను అడిగింది. మంగ ఒక చిత్తుప్రతి రాసి నవ్యశ్రీ ముందు పెట్టింది. ఆ పిల్ల పెన్ను తీసుకుంది.

"'బాధితురాలు' అని రాయకండక్కా. ఆ రోజు అది చదివుంటే నేను లేచి వెళ్లిపోయేదాన్ని."

"మరేం రాద్దాం?"

"'మీరు' అని రాయండి. చాలు."

ఒక్కో మాట దగ్గరా ఆగి, కొట్టేసి, మళ్లీ రాశారు. ఒక మాట కుదరక ఇద్దరికీ నవ్వొచ్చింది. రెండు పేజీలు పూర్తయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. కింద తన పేరు వద్దంది నవ్యశ్రీ, మంగ కూడా తన పేరు వేసుకోలేదు. మర్నాడు డాక్టర్ రెనాటె ఆ కాగితాలను అచ్చు తీయించి పరీక్ష గది సొరుగులో పెట్టింది.