పోలీసు స్టేషనుకు మెట్లు వచ్చిన సంగతి

బి.ఏ. ప్యాసై, లా సగంలో ఉండగా, సెలవుల్లో మార్కాపురంలో ఒక ప్లీడరు దగ్గర కూర్చునేవాణ్ణి. న్యాయం మీద నాకు అప్పట్లో మంచి అభిప్రాయమే ఉండేది.

మా ఊళ్ళో గొర్రెలు కాసుకునే పెద్దాయన్ని నేను మామా అనేవాణ్ణి. ఎవరిదో పొట్టేలు తప్పిపోతే పోలీసులు ఆయన్ని పట్టుకెళ్ళారు. పొట్టేలు మర్నాడే తనంతట తను ఇల్లు చేరింది. దాన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మామ మాత్రం చాలా ఆలస్యంగా, కుడిచెయ్యి వేలాడేసుకుని వచ్చాడు.

"నాకింకేం వద్దల్లుడా. కొట్టినారని కోర్టు ఒక్క మాట అంటే చాలు. కట్టె ఎత్తలేనోణ్ణి చేసి, వాడే కిందపడినాడని పోలీసోళ్ళు ఊరంతా చెప్తుండారు."

నష్టపరిహారానికి దావా వేద్దామన్నాం ప్లీడరూ నేనూ. సర్కారు ఉద్యోగి మీద దావా అంటే ముందు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. వాపులు తీయడానికి, కమిలిన చర్మం రంగు తిరగడానికి చట్టం ఆమాత్రం వ్యవధి ఇచ్చింది.

గడువు తీరాక వేశాం. సబిన్‌స్పెక్టరు జవాబు దాఖలు చేశాడు: వాది మీద ఎవరూ చెయ్యి వేయలేదు, స్టేషను మెట్ల మీంచి జారిపడ్డాడు. చదివి గట్టిగా నవ్వాను. ఆ స్టేషనుకు మెట్లు లేవు. గుమ్మం నేలకు సమంగా ఉంటుంది. వానొస్తే వీధి నీళ్ళు నేరుగా లాకప్పులోకి పోతాయి.

"నవ్వు తర్వాత. ఎవరైనా వకీలును కమిషనరుగా వేయమని కోర్టును అడుగుదాం, వచ్చి స్టేషను చూసి కోర్టుకు రాస్తాడు" అన్నాడు ప్లీడరు.

కమిషనరు వచ్చిన రోజు నేనూ వెంట వెళ్ళాను. స్టేషను ముందు మూడు మెట్లు! నల్లగా నిగనిగలాడే పలకరాతివి. కప్పు కారుతోందని ఏళ్ళ తరబడి రాసినా కదలని సర్కారు, మెట్ల విషయంలో చురుగ్గానే ఉంది. చిన్న ఇబ్బంది ఒకటే: ఎక్కినంతా గుమ్మంలోకి మళ్ళీ దిగాలి. కమిషనరు ఎక్కి, దిగి, "మెట్లు కలవు" అని రాసుకున్నాడు.

"అయ్యా, సున్నం ఇంకా తడిగానే ఉంది" అన్నాను.

"ఉన్నాయా లేవా చూడమన్నారు. ఎప్పుడు కట్టారో చూడమనలేదు."

దావా కొట్టేశారు. మెట్లు ఉన్నాయి గనక వాది పడే ఉంటాడట.

ఆ వారం సంతకు మామ నన్ను తోడు రమ్మన్నాడు. స్టేషను ఎదుట చెప్పులు విడిచి, చేతికర్ర నా చేతికిచ్చి, మెట్లెక్కాడు. దిగాడు. మళ్ళీ ఎక్కాడు. సంతకొచ్చిన జనం ఆగారు. లోపల్నుంచి కానిస్టేబులు వచ్చాడు.

"ఏందిరా, ఈడ నీకేం పని?"

"ఏం లేదు సామీ. నేను పడిన మెట్లంట ఇవి. ఎట్ల పడినానో చూసుకుందామని వచ్చినా. ఎన్నిమార్లు ఎక్కినా పడేది చాతకావడంలా."

"ఇంకోసారి ఎక్కు చిన్నాయనా! అప్పుడు కట్టలేదు గదా, అందుకే పడినట్టుండావు" అన్నారు జనంలోంచి ఎవరో.

కానిస్టేబులు లాఠీ ఎత్తి, అంతమందిని చూసి, దించుకున్నాడు. మామ ఎడంచేత్తో కుడిచెయ్యి పట్టుకుని మళ్ళీ ఎక్కాడు.