ఇంకు ఆరని పాట

ఆ మేడ మెట్లెక్కేవాళ్ళకి ముందు ఆమె కనిపించదు, ఆమె బ్లేడు వినిపిస్తుంది. సర్... సర్... కాసేపు ఆగి మళ్ళీ సర్... ఎండుటాకు మీద ఎవరో గోటితో గీస్తున్నట్టు. రెండో అంతస్తులో ఎడమచేతి తలుపు వెనక, కిటికీకి ఆనించిన వాలుబల్ల ముందు కూర్చుని, తప్పుపడిన స్వరాన్ని కాగితం చిరగకుండా సగం బ్లేడుతో గీకేస్తూ ఉంటుంది కాగితాలక్క. ఎవరైనా తలుపు తట్టగానే ఆ చప్పుడు ఆగిపోతుంది. ఒకప్పుడు ఆగేది కాదు. "తీసే ఉంది, తోసుకుని రండి" అని కూర్చున్నచోటి నుంచే కేకేసేది. ఇప్పుడు వట్టి కాళ్ళతో లేచి వచ్చి, తలుపుకి ఇవతల ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. తట్టినవాళ్ళు దగ్గినా, గొణిగినా, ఆ గొంతు ఎవరిదో పోల్చుకున్నాకే గొళ్ళెం తీస్తుంది.

ఇరవై రెండేళ్ళుగా ఆమె పని ఇదే. పాటలు కట్టే పెద్దాయన, అందరికీ మాస్టారు, తన గదిలో కూనిరాగం తీసి గీసుకున్నదంతా ఈమె చేతికి వస్తుంది. దాన్ని విడదీసి వయొలిన్ల వాళ్ళకి వాళ్ళ భాగం, ఫ్లూటు వాళ్ళకి వాళ్ళ భాగం, కోరస్ అమ్మాయిలకి వాళ్ళ భాగం స్వరాల్లో శుభ్రంగా రాసివ్వాలి. పాట వీధివీధినా మోగేనాటికి ఈమె దాన్ని మరిచిపోయి ఇంకో పాటలో ఉంటుంది. భర్త మాస్టారి స్టూడియోలో మూడో వరసలో వయొలిన్ వాయిస్తాడు. "మా ఆవిడ ఏం రాస్తే అదే వాయిస్తాను. ఇంట్లోనూ అంతే" అన్నది ఆయన పాత జోకు. నవ్వేవాళ్ళు తగ్గిపోయినా ఆయన మానలేదు.

శుభ్రంగా రాసేముందు ప్రతి దానికీ ఒక చిత్తుప్రతి ఉంటుంది. దాని పై మూల తేదీ, ఎవరికోసమో వాళ్ళ ముద్దుపేరు, వాళ్ళ గొంతు శ్రుతి. స్టూడియోలో కాగితాలు పోతాయి, వాటి మీద కాఫీ ఒలుకుతుంది, అందుకని చిత్తుప్రతిని ఇంట్లో దాచుకోవడం ఆ పనిలో అలవాటు. దాచినవి గుట్టలుగా పెరిగిపోతుంటే అత్తగారు వాటిని వంటింటి అరల్లో పరిచేది. "పాటల సంగతి నాకు తెలీదుగానీ కాగితం మాత్రం దళసరిది. డబ్బాల కింద భేషుగ్గా ఉంటుంది" అనేది ఆవిడ.

భయం ఆ ఇంట్లోకి టీవీలోంచి దిగింది. రెండేళ్ళు కోరస్‌లో పాడిన ఒక సన్నటి పిల్ల, స్టూడియోలో అందరూ పిచ్చుక అని పిలిచేవారు, ఒక ఉదయం మాస్టారి మీద ఫిర్యాదు చేసింది. నీకోసమే ఒక పాట కట్టాను, నువ్వొక్కదానివే పాడాలి, నేర్పిస్తాను రమ్మని పిలిచాడట. కేక వేసినా బయటికి వినపడని స్టూడియో గదిలో ఒంటిమీద చెయ్యి వేశాడట. విదిలించుకుని వచ్చేస్తే మర్నాటి నుంచి ఏ స్టూడియో గేటూ తెరుచుకోలేదట. మధ్యాహ్నానికి మాస్టారు తెల్లబట్టల్లో, చేతులు జోడించుకుని కెమెరాల ముందుకి వచ్చాడు. గొంతు ఎప్పటిలా తేనె.

"నా బిడ్డలాంటిది. ఎవరో వెనకుండి ఆడిస్తున్నారు. అసలు అలాంటి పాటే నేను కట్టలేదు. ఉంటే చూపించమనండి."

కాగితాలక్క చేతిలోని గరిటె గాలిలోనే ఉండిపోయింది.

ఆ పాట ఉంది. పైస్థాయిలో మొదలై మెట్టుమెట్టుగా కిందికి దిగుతుంది, ఎవరో చెయ్యి పట్టుకుని తెలియని చోటికి దింపుతున్నట్టు. దాన్ని ఆమె ఒకసారి కాదు, ఆరేళ్ళలో ఏడుసార్లు రాసింది. నాలుగున్నర శ్రుతిలో ఇద్దరికి, ఐదులో ముగ్గురికి, ఐదున్నరలో ఒకరికి. ఆఖరున, ఆరు శ్రుతిలో, పిచ్చుకకి. ఏడుసార్లలో ఒక్కసారి కూడా రికార్డింగు జరగలేదు. ఎప్పుడు రాయమన్నా మాస్టారిది ఒకటే మాట. "పాతది ఇవ్వకు. కొత్తగా రాయి. చేతికిచ్చేటప్పుడు ఇంకు వాసన రావాలి." గొప్పవాళ్ళ చాదస్తం అనుకుంది మొదటి రెండుసార్లు. మూడోసారి నుంచి ఏమీ అనుకోవడం మానేసి, రాయడం మాత్రం రాసింది.

ఆమెని ఎక్కువగా వణికించింది అదీ కాదు. ఆ రోజు కాగితం అందుకుని, వేలికంటిన తడి ఇంకు చూసుకుని మురిసిపోతూ పిచ్చుక అడిగింది. "అక్కా, నిజంగా నాకోసమే కట్టారా దీన్ని?"

"అవునమ్మా" అంది ఈమె.

ఎందుకన్నదో ఇప్పటికీ ఆమెకే తెలియదు. పిల్ల ముఖంలో వెలుగు చూసి అన్నదో, పెద్దవాళ్ళ సంగతులు మనకెందుకని అన్నదో. ఆ ఒక్క మాట మాత్రం ఏ బ్లేడుకీ లొంగకుండా గుండెలో ఉండిపోయింది.

మూడో రోజు పట్టపగలు స్టూడియో మేనేజర్ వచ్చాడు. వెంట మాస్టారి అసిస్టెంటు, స్వరాలు చదివి వాద్యాల వాళ్ళకి చెప్పే మనిషి. మేనేజర్ ఎప్పుడూ మెట్ల కింద నుంచే పిలిచేవాడు. ఆ రోజు చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వచ్చి, నేలమీద కూర్చోబోయాడు. ఆ మర్యాద చూసి ఆమె గబగబా కుర్చీ ముందుకి లాగింది.

"అయ్యయ్యో, కుర్చీలో కూర్చోండి."

"ఫరవాలేదమ్మా, మన ఇల్లేగా. మాస్టారు మిమ్మల్ని మరీమరీ అడగమన్నారు. ఆయన పేర ఒక మ్యూజియం పెడదామనుకుంటున్నాం. ఇంట్లో పాత కాగితాలేమైనా ఉంటే ఇచ్చేయండి. చిన్న ముక్కైనా సరే."

"నా గీతలు మ్యూజియానికెందుకండీ?"

"అలాగనకండి. గడ్డిపోచ కూడా ఒక్కోసారి పాములా కనపడుతుంది." తనే నవ్వుకున్నాడు. "మీవారు కులాసానా? వయొలిన్ వాళ్ళకి వేళ్ళే ఆస్తి. రోడ్లు బాగోలేవు, జాగ్రత్తగా నడవమనండి."

ఆమె ట్రంకుపెట్టె తెరిచి, లోకమంతా విన్న పాటల కట్టలు ఒక్కొక్కటే తీసి ఇచ్చింది. ఈలోగా అసిస్టెంటు దాహమంటూ వంటింట్లోకి వెళ్ళాడు. అత్తగారు కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చింది. గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగింది. అతని కళ్ళు ఎదుటి అర మీద నిలిచిపోయాయి. పంచదార డబ్బాకీ ఉప్పు డబ్బాకీ మధ్య జానెడు ఖాళీలో, ఆమె చేతిరాతలో, ఆ పాట. గుమ్మంలోంచి చూస్తున్న కాగితాలక్కకి అతని పెదవులు కదలడం కనిపించింది. చూపుడువేలు అర అంచు మీద రెండుసార్లు తాళం వేసింది. తర్వాత అతను పంచదార డబ్బాని మెల్లగా ఇవతలికి జరిపాడు. స్వరాలు దాని కిందికి వెళ్ళిపోయాయి.

"నీళ్ళు చల్లగా ఉన్నాయమ్మా" అని మాత్రం అన్నాడు.

వాళ్ళు దిగిపోయాక కూడా ఆమె వంటింటి గుమ్మం దగ్గరే ఉండిపోయింది. ఆ డబ్బా జరిపింది తనని కాపాడ్డానికా, లేక మళ్ళీ వచ్చినప్పుడు వెతుక్కోనక్కర్లేకుండానా? ఇరవై ఏళ్ళు పక్కపక్కన పనిచేసిన మనిషి. అతని చేతిరాత తెలుసు, ఆయాసం తెలుసు, మనసు మాత్రం ఏ శ్రుతిలో ఉందో తెలియలేదు.

భర్త వచ్చేసరికి ఆమె ఇంకా అక్కడే ఉంది. విన్నాడు.

"ఇచ్చెయ్యి తల్లీ, నీకు పుణ్యముంటుంది. కొండని పొట్టేలు ఢీకొంటే కొమ్ములు విరిగేది ఎవరికి?"

"మీకు కొమ్ములు కూడానా?"

"జోకులెయ్యకు. వేళ్ళ మాట ఎత్తాడంటే ఊరికే ఎత్తలేదు వాడు."

"తెలుసు. అందుకే భయంగా ఉంది."

"మరింకేం? పొయ్యిలో పెట్టెయ్యి. మనం చూళ్ళేదు, మనకి తెలీదు."

"ఆ పిల్ల నన్నడిగిందండీ. నాకోసమేనా అని."

"నువ్వేమన్నావు?"

"అవునమ్మా అన్నాను."

ఆయన తన ఎడమచేతి వేళ్ళకేసి చూసుకున్నాడు. తీగెలు కోసి కాయలు కాసిన వేళ్ళు. తర్వాత స్టూలు లాగి, ఎక్కి, పై అర నుంచి డబ్బాలు ఒక్కొక్కటే దించడం మొదలుపెట్టాడు.

"అన్నీ పీకుతున్నావేంట్రా? ఇల్లు ఖాళీ చేస్తున్నామా?" అంది అత్తగారు.

"లేదమ్మా. నీ మ్యూజియం ఖాళీ చేస్తున్నాం."

ఏడింటిలో ఆరు దొరికాయి. ఒకటి ఎలుక కొట్టేసింది. పిచ్చుక కాగితం మీద డబ్బా తుప్పు గుండ్రంగా దిగింది, అయినా తేదీ, ముద్దుపేరు, ఆరు శ్రుతి, అన్నీ చదవడానికి వస్తున్నాయి. ఇక ఆ ఇంట్లో వాటిని ఒక్క గంట ఉంచడానికీ ధైర్యం లేదు. పిచ్చుక తరఫు లాయరమ్మ ఆఫీసు ఊరికి అవతలి కొస. ఉపాయం చెప్పింది అత్తగారే. తన మోకాళ్ళ ఎక్స్‌రే పెట్టిన పెద్ద కవరు తెచ్చి, ఫిల్ము తీసేసి, కాగితాలు అందులో తోసింది.

"నేనూ వస్తాను. కవరు పట్టుకున్న ముసల్దాన్ని ఎవడూ ఆపడు. మూలిగితే సీటు కూడా ఇస్తారు."

బస్సులో ఆవిడ దారిపొడుగునా మూలిగింది. కాగితాలక్క కవరు రెండు చేతుల్తో పొట్టకి అదుముకుని, ఎక్కిన ప్రతి మనిషి చెప్పులూ చూసింది. ముఖాలు చూసే ధైర్యం లేదు. నీలంచొక్కా మనిషి ఒకడు మూడు స్టాపులు వాళ్ళనే చూశాడు. నాలుగో స్టాపులో వంగి, "పెద్దమ్మా, మోకాళ్ళకి ఆపరేషన్ మాత్రం చేయించుకోకు" అని సలహా చెప్పి దిగిపోయాడు. అత్తగారు మూలుగు ఆపి నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు.

లాయరమ్మ గదిలో పిచ్చుక ఉంటుందని ఆమె అనుకోలేదు. ఇంకా సన్నబడింది. "అక్కా" అని లేచింది. కాగితాలు బల్ల మీద పరిచారు. ఆరు కాగితాలు, ఒకే పాట, ఆరు మూలల్లో ఆరు ముద్దుపేర్లు. పిచ్చుక ఒక్కొక్కదాని మీదా వేలు పెట్టి చదివింది. అందులో ఇద్దరు తను ఎరిగినవాళ్ళే. ఉన్నట్టుండి పని మానేసి ఎటో వెళ్ళిపోయారని అందరూ చెప్పుకున్నవాళ్ళు.

"ఇదే పాటా? అందరికీనా?"

"ఊఁ."

"మీకు తెలుసా?"

"రాసింది నేనేగా."

లాయరమ్మ అడిగింది. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా? రేపు మాస్టారి వైపువాళ్ళూ ఇదే అడుగుతారు."

కాగితాలక్క బల్ల మీది కాగితాల అంచులు సమం చేసింది. పిచ్చుక తిట్టలేదు, ఏడవలేదు. కిటికీకేసి తిరిగి, "పదిరోజులు ఆ పాట పాడుకుంటూ తిరిగానక్కా" అంది. "మా అమ్మకి కూడా నేర్పాను."

ఇది జరిగి నెలా పది రోజులైంది. మాస్టారి స్టూడియో నుంచి భర్తకి మళ్ళీ పిలుపు రాలేదు. ఆయన వయొలిన్ పాఠాలు చెప్పుకుంటున్నాడు. బయటికి వెళ్తే చేతులు జేబుల్లో పెట్టుకుని నడుస్తున్నాడు. ఆమె బడిపిల్లల పాటలు రాసిస్తోంది. అసిస్టెంటు ఏ పక్షమో ఇంతవరకూ తెలియలేదు. మేనేజర్ మళ్ళీ రాలేదు, అదే ఎక్కువ భయం. ఫోను మాత్రం మోగుతుంది. ఎత్తితే అవతల మాట ఉండదు. ఎవరో నోరు మూసుకుని ఆ పాట పల్లవి కూనిరాగం తీస్తారు, పైనుంచి మెట్టుమెట్టుగా కిందికి. ఒకసారి అత్తగారు ఎత్తింది. చివరిదాకా విని, "అపస్వరం పడింది నాయనా, మళ్ళీ పాడు" అని పెట్టేసింది. ఆ రోజు ముగ్గురూ పడీపడీ నవ్వారు. నవ్వయ్యాక లేచి, తలుపు గొళ్ళెం పడిందో లేదో ముగ్గురూ విడివిడిగా చూసి వచ్చారు.

సోమవారం ఆమె, పిచ్చుక ఫిర్యాదు మీద వేసిన విచారణ కమిటీ ముందు కూర్చోవాలి. ఎదురు బెంచీలో మాస్టారు ఉంటాడు. ఆ తేనె గొంతుతో ఇరవై రెండేళ్ళుగా అన్నట్టే "ఏమ్మా" అని పిలిస్తే అలవాటుకొద్దీ లేచి నిలబడతానేమో అని ఆమె భయం. అందుకని కూర్చోవడం సాధన చేస్తోంది. భర్త వరండాలోంచి "ఏమ్మా" అంటాడు, ఆమె కుర్చీ చేతులు పట్టుకుని కదలకుండా ఉండాలి. ఇప్పటికి నాలుగుసార్లలో రెండుసార్లు లేచింది. వెళ్ళడం మాత్రం వెళ్తుంది. కాగితాల సంగతి చెప్తుంది. "అవునమ్మా" అన్న మాట కూడా, ఎవరూ అడక్కముందే, తనే చెప్తుంది. ఆ మాట వినేటప్పుడు పిచ్చుక ఎటు చూస్తుందో అని ఆలోచిస్తేనే ఆమెకి అన్నం దిగడం లేదు.

నేను ఇదంతా విని, రాసుకుని లేచేసరికి ఆమె తలుపు బెత్తెడు తెరిచి, మెట్ల మీద ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించింది.

"కింద ఎవరైనా అడిగితే మా ఇంటికొచ్చారని చెప్పకండి. పైన ఇల్లు అద్దెకుందంటే చూడ్డానికొచ్చాననండి. అద్దె ఎక్కువ చెప్పారు, కుదర్లేదనండి. ఆ మాటైతే నమ్ముతారు."