గులాబీ పరదాకు వంకీ కోతలు

కత్తెరమ్మకు అనుమానం పుట్టుకతో వచ్చింది. కుట్టుపని తరువాత నేర్చుకుంది. కొలతలిచ్చేవాళ్లు పొట్ట లోపలికి పీల్చారేమోనని మరోసారి టేపు చుట్టే రకం.

ఆమె కుట్టుగది వెనక, రెండు మేడల నడుమ ఇరుకు సందు. గాలి అక్కడికి వచ్చేసరికి పలుపు తెంచుకున్న దూడలా పరుగెత్తేది. ఆ సందు మొగలోనే ఆమె గులాబీ పొద. నిరుడు ఈదురుగాలికి విరగగా ఒక్క కొమ్మ మిగిలింది. ఈ ఏడు ఆ కొమ్మే గుత్తులుగా మొగ్గ తొడిగింది. ఇదీ విరిగితే ఇక పొద లేనట్టే. అందుకని దళసరి గుడ్డ తెచ్చి, రెండు గుంజలకు బిగించి పరదా కట్టింది.

మర్నాడు చూస్తే పరదా నిండా కోతలు! నెలవంకల్లా, ఎంతో పొందికగా.

"ఎలుకలేమోనమ్మా" అన్నారు అత్తగారు, కళ్లజోడు తుడుచుకుంటూ.

"ఇంత తీరుగా కోసే ఎలుకైతే పనిలో పెట్టుకుంటాను, అత్తయ్యా."

కత్తెరమ్మ చూపు ఎదురింటి కిటికీ మీద పడింది. రిటైరైన బస్సు డ్రైవరు పొద్దస్తమానం అక్కడే కూర్చుంటాడు. పరదా కట్టాక సందులో వచ్చేపోయేవాళ్లు అతనికి కనబడటం లేదు. ఇంకేం కావాలి?

"ఏం బాబాయ్, కత్తెర పదునుగా ఉందా?"

"నా దగ్గర గోళ్లు తీసుకునేదే ఉందమ్మా. నీ నోటికి అది చాలదు."

ఆమె మాసికలు వేసింది. పక్కనే కొత్త కోతలు పడ్డాయి. మళ్లీ వేసింది, మళ్లీ పడ్డాయి. ఆమె సణుగుడు భరించలేక డ్రైవరు కిటికీ మూసుకున్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే అనుకుంది కత్తెరమ్మ.

ఓ రోజు కోత అంచును వేలితో తడిమింది. ఒకచోట పీచు లేచి ఉంది. తన పెద్ద కత్తెరకు మొన దగ్గర నొక్కు ఉంది, అది కోసిన ప్రతి గుడ్డకూ ఇదే మచ్చ. అంటే ఇంట్లోకే వస్తున్నాడన్నమాట!

ఆ మధ్యాహ్నం సందు తలుపుకు వీపు పెట్టి, గుడ్డ లేకుండానే మిషను తొక్కుతూ, ఎదుటి నిలువుటద్దంలో కాపు కాసింది. అద్దంలో అత్తగారు మునివేళ్ల మీద వచ్చారు. మేకుకు వేలాడే కత్తెర అందుకుని సందులోకి వెళ్లారు.

"అత్తయ్యా!"

ఆవిడ కోత పూర్తిచేసే ఆగారు. "మీ మామయ్య వీధికడ్డంగా గుడ్డ బ్యానర్లు కట్టేవారు కదే. వాటికి ఈ వంకీలు కోసింది నేనే. కాస్త సందు వదిలితే గాలి తన దారిన పోతుంది. లేదంటే గుంజలతో సహా పెరుక్కుపోతుంది."

"ఆ ముక్క నాతో చెప్పొచ్చుగా!"

"చెప్తే వింటావా? నేను కుట్టిన గుండీలే ఊడదీసి మళ్లీ కుట్టుకుంటావు."

కత్తెరమ్మ నమ్మలేదు. దొరికిపోయి గాలి మీదకు నెడుతున్నారనుకుంది. కోతలన్నీ రెట్టింపు దారంతో మూసేసింది.

సాయంత్రం గాలి లేచింది. పరదా కడుపు ఉబ్బించుకుంది. ఒక గుంజ కిర్రుమంటూ పొద మీదకు ఒరిగింది. ఓ మొగ్గల గుత్తి తెగి రాలింది. కత్తెరమ్మ పరుగెత్తి గుంజను కావలించుకుంది.

"అత్తయ్యా, కత్తెర!"

అత్తగారు గుంజ పట్టుకున్నారు. కత్తెరమ్మ తన కుట్లు తానే పరపరా తెంపింది. గాలి వంకీల్లోంచి బుసకొడుతూ పోయింది. గుంజ నిలబడింది. కొమ్మ ఊగింది, విరగలేదు.

ఎదురు కిటికీ కొంచెం తెరుచుకుంది. "దొంగ దొరికాడా అమ్మాయ్?"

"ఇప్పటికైతే నువ్వు కాదులే బాబాయ్."

కోతలన్నీ విప్పింది కానీ, ఆ కిటికీకి సరిగ్గా ఎదురుగా ఉన్న ఒక్కదాన్ని మాత్రం కుట్టుతోనే ఉంచింది.