పెద్దమ్మ పేరూ, తేనె చీటీ

మా చిన్నప్పుడు... ఓ ఎండాకాలం మా అమ్మా, పెద్దమ్మా ఒక ఇత్తడి గంగాళం గురించి మాటలు మానేశారు. పెద్దమ్మ తన పుట్టింట్లో పెళ్ళికని పట్టుకెళ్ళిన మా గంగాళం సొట్టతో తిరిగొచ్చింది. సొట్ట ముందే ఉందని పెద్దమ్మ, లేనే లేదని అమ్మ...

బొబ్బిలి దగ్గర పల్లె మాది. ఒకే పెరడు, ఒకే నుయ్యి... అటువైపు వాటా పెదనాన్న వాళ్ళది, ఇటువైపు మాది. నూతి దగ్గర వాళ్ళిద్దరూ నోరు విప్పేవారు కాదు గానీ, వాళ్ళ బిందెలు మాత్రం తెగ చప్పుడు చేసేవి.

వాళ్ళ గొడవ వాళ్ళది... నా బాధ నాది. పెద్దమ్మ కూతురు రాజీ అంటే నాకు ప్రాణం. సెలవులైపోగానే దాన్ని ఆరో తరగతికి హాస్టల్లో వేసేస్తున్నారు. మిగిలింది ఇరవై రోజులు. "ఆ వాటాలో కాలెట్టినావంటే ఇరగ్గొడతాను" అని అమ్మ హుకుం. నాకు అన్నం సహించేది కాదు... నిజంగా!

అప్పుడు నాకు గుర్తొచ్చింది నానమ్మ తేనె సీసా.

కొండ మీంచి దిగొచ్చేవాళ్ళ దగ్గర సంతలో కొనేది నానమ్మ ఆ తేనె. మాకు ఇడ్లీల్లోకి అడిగితే ఇచ్చేది కాదు. అది పనులు జరిపించుకునే తేనె! నాన్న ఎద్దు బేరానికి వెళ్తుంటే నాలిక మీద ఓ చుక్క... నేను పరీక్షకి వెళ్తుంటే ఓ చుక్క... (లెక్కల్లో మాత్రం ఎందుకో పనిచేసేది కాదు.)

"మాటల్లేనోళ్ళు కలవాలంటే ఏటి సెయ్యాల నానమ్మా?" అని అడిగాను.

నానమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, సీటీకి తేనె రాయాల. తమలపాకులో సుట్టి, దారం కట్టి, బియ్యం కుండలో తొమ్మిది రోజులు దాయాల. ఎవులికీ సెప్పకూడదు. పుట్టినప్పుడెట్టిన పేరే రాయాల... నేదంటే తేనె పట్టదు."

అమ్మ పేరు సరోజిని. తాతయ్య రాసే ఉత్తరాల మీద చూశాను. మరి పెద్దమ్మ పేరు? ఆవిడది సాలూరు. అందుకని ఇంటిల్లిపాదీ, ఊరు ఊరంతా సాలూరమ్మ అనేవారు.

"అది ఊరి పేరు కదా నానమ్మా... అసలు పేరేటి?"

నానమ్మ చుట్ట పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించింది. "ఏటో ఉండేదే గుంటా... గేపకం రాలేదు" అంది. సొంత కోడలి పేరు! గోడ మీంచి రాజీని అడిగితే, "మాయమ్మ పేరు సాలూరమ్మే కదేటే!" అని నన్నే వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. బడి పుస్తకంలో కూడా దానికి నాన్న పేరే రాశారు మరి.

ఇక చేసేదేం లేక, మర్నాడు అమ్మ కునుకు తీస్తున్నప్పుడు, నీళ్ళు తోడుతున్న పెద్దమ్మ దగ్గరికే వెళ్ళాను.

"పెద్దమ్మా... నీ పేరేటి?"

చేద సగంలో ఆగిపోయింది. "ఎందుకే?" అంది.

"ఊరికే."

చేదని పైకి లాగి గట్టు మీద పెట్టింది. తర్వాత, ఎవరైనా వింటారేమో అన్నట్టు చిన్నగా, "మాణిక్యం" అంది. "మాయయ్య ఎట్టినాడు. ఈ ఇంటికొచ్చి పద్నాలుగేళ్ళయినాది... ఇన్నాళ్ళకి నువ్వడిగినావు." నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నాకేమీ అర్థం కాలేదు... పేరు దొరికిందని పరుగో పరుగు. నానమ్మ చెప్పినట్టే చీటీ రాసి, తేనె పూసి, మా బియ్యం కుండలో దాచేశాను.

తొమ్మిది రోజులు ఎక్కడ... మూడో రోజుకే కుండ నిండా చీమలు! బియ్యానికి చెయ్యి పెట్టిన అమ్మ కెవ్వుమంది. ఆకు విప్పింది, చీటీ చదివింది. 'సరోజిని, మాణిక్యం.' అంతే, చీటీ పట్టుకుని పెరట్లోకి వచ్చి, అరుగు మీద చద్దన్నం తింటున్న మా నాన్న ముందు నిలబడింది.

"ఎవతి ఈ మాణిక్యం? నా పేరు పక్కన పేరెట్టుకుని, నా బియ్యం కుండలో మందెట్టింది... ఎవతో సెప్పండి!"

పాపం మా నాన్న... నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. నేను నానమ్మ వెనక దాక్కున్నాను. నానమ్మ నా వెనక దాక్కోవాలని చూసింది.

అప్పుడు నూతి దగ్గర్నించి వినబడింది.

"నానే సరోజినీ. మాణిక్యం నానే."

అమ్మ చీటీ వైపు చూసింది, పెద్దమ్మ వైపు చూసింది. "పదేళ్ళ బట్టీ ఒక్క నూతి నీళ్ళే తాగుతన్నాం... నీ పేరేటో నాను అడగనేదప్పా" అంది. (అప్ప అంటే మా వైపు అక్క.) అని ఊరుకుందా... భోరుమంది. పెద్దమ్మ బిందె వదిలేసి వచ్చి, "ఊరుకో... గంగాళం సొట్ట నిజంగా మావోళ్ళే ఎట్టినారులే" అంది. ఏడుస్తున్న అమ్మకి నవ్వొచ్చేసింది.

నాకూ రాజీకీ పద్నాలుగు రోజులు దక్కాయి. ఒక్క పూట కూడా వృథా చెయ్యలేదు. కొండ తేనె మహిమ అని నానమ్మ ఊరంతా చెప్పుకుంది. అమ్మ మాత్రం ఆ రోజు నుంచి పెద్దమ్మని "మాణిక్యమప్పా" అనే పిలిచింది. ఆ పిలుపు విన్నప్పుడల్లా పెద్దమ్మ పలికే తీరే వేరుగా ఉండేది.

ఇప్పుడు తేనె సూపర్ మార్కెట్లో ఎంత కావాలంటే అంత. మా ఎదురింటావిడతో నాలుగేళ్ళ స్నేహం నాది... ఫోన్లో ఆవిడ నంబరు 'బన్నీ వాళ్ళమ్మ' అనే ఉంది. ఇది రాస్తుంటే నా మీద నాకే కోపం వచ్చింది.

మీ ఇళ్ళల్లో కూడా ఊరి పేరుతోనే బతికేసిన అత్తలు, పెద్దమ్మలు ఉండే ఉంటారు... వాళ్ళ అసలు పేర్లు కింద రాయండి. తెలియకపోతే... ఉన్నవాళ్ళని ఇవాళే అడిగేయండి. నేను ఎదురింటి తలుపు కొట్టడానికి వెళ్తున్నాను.