బల్ల మీది మాత్రలు

ఆ రోజు ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం. మా చర్చిలో పాట ఎత్తేది నేనే. రెండో చరణం దగ్గర ఊపిరి అందలేదు. దగ్గు తెర వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను. వెనకున్న ఆడవాళ్లు నేను లేకుండానే పాట ముగించారు. తొంభైల చివరి మాట ఇది. ముంచింగిపుట్టుకి ఎగువన, కొండదారిన నడిచి చేరాల్సిన ఊరు మాది. పక్క ఊళ్లో బడి పంతులమ్మని. నాన్న నా చిన్నప్పుడే పోయారు. ఇంట్లో అమ్మా నేనూ.

అప్పటికే కొన్ని వారాలుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోంది. ఏజెన్సీలో జ్వరమంటే మలేరియానే. రక్తపరీక్షలో ఏమీ లేకపోయినా క్లోరోక్విన్ ఇచ్చారు, మింగాను. మళ్లీ ఇచ్చారు, మళ్లీ మింగాను. జాకెట్లు వదులయ్యాయి. "ఏటే గుంటా, ముద్ద దిగట్నేదా? సంతలో ఎవులి కన్నో పడిపోనాది" అని అమ్మ నూనె రాసి ప్రార్థన చేసేది. క్రీస్తుని నమ్ముకున్నా దిష్టిని వదల్లేదు మా అమ్మ.

కొంగుకి రక్తం అంటిన రోజున విశాఖపట్నం బయల్దేరాం. ఎక్స్‌రే తీశారు, కళ్లె పరీక్ష చేశారు. డాక్టరుగారు ఫిల్ముని వెలుతురుకి పట్టుకుని చూసి, "స్పుటమ్ పాజిటివ్. కళ్లెలో క్రిములున్నాయి. టీబీ. తగ్గే జబ్బేనమ్మా. కానీ తగ్గినట్టనిపించినా మందు ఆపకూడదు. ఆపితే మొండికేస్తుంది" అన్నారు. నాకు చివరి మాట మనసులో పడింది. అమ్మకి 'తగ్గే జబ్బే' అన్నదొక్కటే వినబడింది.

వార్డులో నా పక్క మంచం మీద బొర్రా వైపు నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల ఉండేది. వాళ్లూ మా లాంటి విశ్వాసులే. వాళ్ల సంఘమంతా రైలెక్కి వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేసేది. నేనూ గొంతు కలిపేదాన్ని. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల పోయింది. "ప్రభువు చిత్తం" అన్నారు. నాకు కాస్త నెమ్మదించాక, చూడవచ్చిన మా సంఘం వాళ్లూ నా గురించి అదే మాట అన్నారు. బతికినా ఆయన చిత్తం, పోయినా ఆయన చిత్తం. ఎటు తిరిగినా అడగడానికి ఏమీ మిగల్లేదు. ఆ సాయంత్రం ప్రార్థనకి కళ్లు మూసుకుంటే, వినేవాళ్లెవరూ లేరని తెలిసిపోయింది. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. కట్టెల మోపు దించినట్టయింది, అంతే. ఎవరికీ చెప్పలేదు.

ఇంటికొచ్చి మందులు మింగుతూ ఉన్నాను. రిఫాంపిసిన్ అనే మాత్ర వల్ల మూత్రం ఎర్రగా వచ్చేది. అమ్మ చూసి రక్తమని గుండెలు బాదుకుంది. మాత్ర రంగేనని నర్సమ్మ చెప్పిన సంగతి చెప్పాను. ప్రార్థనకొచ్చిన ఆడవాళ్లు మాత్రం రోగం కరిగి పోతోందని స్తోత్రం చెప్పి వెళ్లారు.

మా సంఘంలో ఒక ఆచారం ఉంది. జబ్బు తగ్గినవాళ్లు ఆదివారం లేచి, దేవుడే బాగుచేశాడని సాక్ష్యం చెప్పి, మిగిలిన మందులు పాస్టరుగారి ముందున్న బల్ల మీద పెట్టేస్తారు. ఇక వీటితో పని లేదు, దేవుడే చాలని. జ్వరాలవాళ్లు, విరేచనాలవాళ్లు మిగిలిన ఒకటీ అరా పెట్టేవారు కాబట్టి నష్టం ఉండేది కాదు. రెండు నెలలయ్యాక నా కళ్లె నెగెటివ్ వచ్చింది. ఒళ్లు చేశాను. సాక్ష్యం ఎప్పుడని అందరూ అడగడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం పాస్టరుగారు నా పేరు పిలిచారు. నేను లేవలేదు. అమ్మ లేచింది. రుమాలు మూట తీసుకెళ్లి బల్ల మీద విప్పింది. ఇంకా మింగాల్సిన నా మందులన్నీ అందులో ఉన్నాయి. వాటి మీద చేతులు పెట్టి ఏడుస్తూ స్తోత్రం చెప్పింది. ఆమెకి తెలిసిన పెద్ద కృతజ్ఞత అదే మరి.

వెళ్లి మూట కట్టుకుని తెచ్చుకున్నాను.

"విశ్వాసం లేదా అమ్మా?" పాస్టరుగారు మెల్లగానే అడిగారు.

డాక్టరు ఆపొద్దన్నారని చెప్పి తప్పించుకోవచ్చు. అప్పటికే అలసిపోయి ఉన్నాను, ఆ మాట చాటున దాక్కునే ఓపిక లేదు.

"లేదండి అయ్యగారూ. ఆసుపత్రిలోనే పోయింది" అన్నాను.

ఎవరూ తిట్టలేదు. సాయంత్రాలు మా అరుగు మీద కూర్చుని నా కోసం కన్నీళ్లతో ప్రార్థించేవాళ్లు. అది తిట్టుకన్నా బరువు. పాట ఎత్తడం వేరేవాళ్లకి ఇచ్చారు. "పిల్లల కాడ ఈ మాటలు సెప్పకండి మేడమ్" అని ఒక తల్లి బడికొచ్చి బతిమాలింది. ఊరి దేవతని కొలిచే మా పెద్దయ్య మాత్రం సంబరంగా వచ్చాడు.

"బేగి కోడిని తెత్తాను. అమ్మోరికి ఇచ్చీద్దుము."

"ఆవిడ మీదా నమ్మకం లేదు పెద్దయ్యా."

"మరి నీకెవులున్నారే?" అన్నాడు, నిజంగానే దిగులుపడి.

మూడో నెలలో కళ్లు పచ్చబడ్డాయి. ఒకటే వాంతులు. "ఎల్‌ఎఫ్‌టీ బాగా పెరిగింది. మందులకి లివర్ తట్టుకోలేదు. ఆపి, తగ్గాక ఒక్కొక్కటీ మొదలెడదాం" అన్నారు డాక్టరుగారు. బల్ల మీద నుంచి తీసినందుకే అని ఊరంతా అనుకుంది. అమ్మ కూడా అంది.

"ఆపమని డాక్టరే సెప్పినాడు గదే. ముందే ఆపీసుంటే ఏటైపోను?"

తను ఆపమన్నది దేవుడి కోసం, డాక్టరు ఆపింది మళ్లీ మొదలుపెట్టడం కోసం. గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజుల్లో చచ్చిపోతే వీళ్ల మాటే నిజమవుతుందన్న పంతం ఒక్కటే నన్ను లేపి గంజి తాగించింది. మందులు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కోర్సు ఆలస్యంగానే అయినా పూర్తయింది. చివరి ఎక్స్‌రే చూసి, "మచ్చ ఉంటుంది, జబ్బు లేదు" అన్నారు డాక్టరుగారు.

కొన్నేళ్లకి అమ్మకి దగ్గు పట్టుకుంది. అదే జబ్బు. ఇప్పుడు మందులు ఊళ్లోకే వస్తున్నాయి. దగ్గరుండి మింగించే మనిషి ఒకరుండాలని, బడి పంతులమ్మనని నన్నే పెట్టారు. ఈమధ్యే అమ్మ కళ్లె నెగెటివ్ వచ్చింది. మిగిలిన మందులు బల్ల మీద పెట్టడానికి రుమాలు వెతకడం మొదలుపెట్టింది. నా మాట వినదు. ఆమె దృష్టిలో నేను దారి తప్పినదాన్ని.

సిగ్గు విడిచి పాస్టరుగారింటికి వెళ్లాను. అన్నీ విన్నారు. ఆదివారం అమ్మతో అన్నారట: "మాత్రలన్నీ మింగి, ఖాళీ అట్టలు పెట్టమ్మా. అదీ స్తోత్రమే."

ఇంట్లో ఎవరికైనా టీబీ మందులు నడుస్తుంటే, చేతికిచ్చి వెళ్లిపోకండి. గొంతు దిగేదాకా పక్కనే నిలబడండి. నమ్మకాల గురించి ఆ వేళ వాదన పెట్టుకోకండి.

అమ్మ మాత్రలు అరచేతిలో పట్టుకుని ప్రార్థన మొదలెడుతుంది. అది పొడుగు ప్రార్థన. తన జబ్బు గురించి ఒక మాట, మిగతాదంతా నా గురించే. "నా గుంటకి కళ్లు తెరిపించు తండ్రీ" అంటుంది నాకు వినబడేలా. నేను నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడతాను. ఆమేన్ అనను. మింగాక మాత్రం నోరు తెరిచి చూపించమంటాను.