ద్వారబంధం మీద నా గీత

సూర్యాపేట పళ్ల డాక్టరమ్మ పోయారని ఈమధ్య కోదాడ బస్సులో ఉండగా నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చేత్తో నోరు మూసుకున్నాను. దుఃఖంతో కాదు, అలవాటుతో. నవ్వినా ఏడ్చినా నా చెయ్యి అక్కడికే పోతుంది.

మాది గరిడేపల్లి దగ్గర గొర్లు కాసుకునే ఇల్లు. నాకు పదకొండేళ్లప్పుడు దొడ్డి తడిక తీస్తుంటే పొట్టేలు మూతి మీద పొడిచింది. పైవరసలో ముందుపన్ను వేరుతో సహా ఊడిపోయింది. బళ్లో నా పేరు తొర్రిది. డాక్టరమ్మ చేయించి ఇచ్చిన ప్లేటు పన్ను ఒకరోజు అన్నం ముద్దతో పాటు ఊడిపడితే, పిల్లలు దాన్ని కాళ్లతో తన్నుకుంటూ ఆడారు.

"ఊడని పన్ను పెట్టుండ్రి. ఎముకల స్క్రూ దించి పెడతరట గద," అని నాన్న అడిగాడు.

"పెరిగే పిల్లకు పెట్టను. దవడతోని తక్కిన పండ్లు కిందికి దిగుతయి, స్క్రూ పన్ను ఉన్నకాడనే ఉంటది," అన్నారామె. ఆస్పత్రిగా వాడుకునే తన ఇంటి ముందుగది ద్వారబంధానికి నన్ను ఆనించి, తల మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీశారు. "ఏడాదికోసారి రా. ఎత్తు ఆగి గీత మీద గీత పడ్డనాడు పెడత."

నేను ఏడ్చాను.

"ఏడువు. ఏడిస్తే మొలుస్తదా?"

ఆమె నోరే అంత. ఉప్పునీళ్లు పుక్కిలించమన్నా తిట్టినట్టే ఉండేది.

"ఈమెకు చాతగాకనే గిన్ని ముచ్చట్లు," అని నాన్న నన్ను మిర్యాలగూడ తీసుకుపోయాడు. అక్కడ వేరే డాక్టరు అడిగిందే తడవుగా పెట్టేశాడు.

పనిగట్టుకుని సూర్యాపేట వెళ్లాం. రోగులతో నిండిన గదిలో పళ్లు ఇకిలించి, "సూడుండ్రి, ఈమెకు రాని పని!" అన్నాను. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ఎంత సంబరమైందో నాకు!

ఆమె నా చేతికి అద్దమిచ్చారు. "పెరగకు బిడ్డా. పెరగకుంటే గిట్లనే ఉంటది."

పెరిగాను. పద్దెనిమిదేళ్లకు తక్కిన పళ్లన్నీ కిందికి దిగాయి. అదొక్కటే పొట్టిగా, చిగురులోకి కుంగినట్టు పైనే ఉండిపోయింది. తీయాలంటే ఎముక తొలవాలట. ఆమెను అడగాలంటే ముందు క్షమించమనాలి. సిగ్గుతో ఆ వీధే తొక్కలేదు.

ఆమె దినాలకు ఆ ఇంటికి వెళ్లాను. ద్వారబంధం నిండా గీతలు, పక్కన పిల్లల పేర్లు. ఒక్కొక్కరి గీతలు పైకెక్కి, చివరికి గీత మీద గీత పడి ఆగాయి. నా పేరుకు ఒక్కటే గీత, నా భుజం ఎత్తున. దానిపైన పెన్సిలుతోనే, ఏడాదికొకటిగా ఆమె రాసుకున్న మాట: రాలేదు. రాలేదు. రాలేదు.

వీపు ద్వారబంధానికి ఆనించి, మోకాళ్లు వంచి, తల ఆ గీత దగ్గరికి తెచ్చి నిలబడ్డాను. నోటి మీద చెయ్యి పెట్టుకోలేదు.